ఉన్న నెట్టు లేదన్న మంగళవారం

ఆ మంగళవారం పదకొండు గంటలకు నేను ముగ్గురు పెద్దమనుషులకు 'ళ' రాయడం నేర్పాలి. వాళ్లకు రాక కాదు. విశాఖలో ఒక ఆన్‌లైన్ బడి ఉంది. సూరత్‌లోనో భిలాయిలోనో పుట్టి పెరుగుతూ, ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడి, రాయమంటే మాత్రం తెల్లమొహం వేసే పిల్లలకు ఆ బడివాళ్లు సాయంత్రాలు తెలుగు నేర్పుతారు. అందులో టీచరు ఉద్యోగానికి నేను అర్జీ పెట్టుకున్నాను. ఆ ముగ్గురూ తెరమీద పిల్లల్లా కూర్చుంటారట, నేను పాఠం చెప్పాలట. నచ్చితే ఉద్యోగం, నచ్చకపోతే ఒక దండం.

నాకా ఉద్యోగం కావాలి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ పొద్దున నేను ఇంట్లో ఎవరెవరి మీద ఎలా ఎగిరానో విన్నాక మీరు నన్ను గయ్యాళి అనుకోకూడదు. పెళ్లికి ముందు తెలుగు పండిత శిక్షణ పూర్తిచేశాను. ఇచ్ఛాపురం దాటి బరంపురం కోడలినయ్యాక, ఒడియా బోర్డుల ఊళ్లో ఆ పట్టా ఎవరికి కావాలి? అది బీరువాలో పట్టుచీరల అడుగున పడుకుంది. చీరలకైనా ఏడాదికోసారి ఎండ తగిలేది, దానికి అదీ లేదు. పిల్లలిద్దరూ హాస్టళ్లకు వెళ్లాక ఒక మధ్యాహ్నం దాన్ని బయటికి తీసి చూసుకుంటే, అందులో ఫోటోలో ఉన్న పిల్ల నన్ను చూసి "మరేం చేశావు ఇన్నాళ్లూ?" అని నిలదీసినట్టనిపించింది. ఆ వారంలోనే అర్జీ పంపాను.

ఇంట్లో అందరికీ చెప్పాను. మా ఆయన "ఓస్, అంతేనా" అని మిరపకాయల లోడు వచ్చిందని కొట్టుకు వెళ్లిపోయారు. అత్తగారు "ఇంట్లోనే కూకుని సెప్పడమే కదా, మరేటి" అన్నారు. మిగిలింది మా మామగారు.

ఆయన కుర్రతనంలో కొడల అనే ఊళ్లో చిన్న కొట్టు పెట్టి, అక్కడినుంచి బరంపురం వచ్చి ఎండుమిర్చి, చింతపండు టోకు వ్యాపారం చేశారు. ఇప్పుడు కొట్టును మా ఆయన చూసుకుంటారు, మామగారు ఊరి చివర హల్దియాపదర్ పేటలో ఇంటిపట్టునే ఉండి మమ్మల్ని చూసుకుంటారు. చూసుకోవడమంటే తిథి చూసి, వారం చూసి, వర్జ్యం చూసి. ఆయన తెలుగు మాట్లాడతారు, ఒడియా చదువుతారు. అందుకని పంచాంగం కూడా ఒడియాదే, పంజి అంటారు దాన్ని. ఆయన మంచం తలాపున మేకుకు వేలాడుతూ ఉంటుంది. గ్యాస్ సిలిండరు మార్చాలన్నా, కొత్త చీపురు కట్ట విప్పాలన్నా ఆ పంజి ఒప్పుకోవాలి. ఒకసారి నాకు పన్ను నొప్పి వచ్చి దవడ బూరెలా వాచిపోతే, "రేపు నవమి ఎల్లాక డాట్రు దగ్గరికి ఎల్దువుగాని" అన్నారు. నేను ఆ నవమి రోజే వెళ్లి పన్ను పీకించుకుని వచ్చాను. దానికి ఆయన ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, నా నోట్లో దూది ఉంది.

ఉద్యోగం సంగతి వినగానే ఆయన అడిగిన మొదటి మాట, "ఏ వారం?"

"మంగళవారం మావయ్యా."

పంజి దింపి, కళ్లజోడు సవరించుకుని, వేలు పెట్టి వెతికారు. మొహం ఆయన అమ్మిన సరుకంత పుల్లగా అయింది. "మంగళారం, పైన అమాస. ఇంకో రోజు ఎట్టమని అడగలేవేటి?"

"అడిగితే ఇంకో మనిషిని పెట్టుకుంటారు మావయ్యా."

"ఊఁ," అన్నారు.

అంతే అన్నారు. కానీ వినదలుచుకున్నవాళ్లకు ఒక్క 'ఊఁ'లో అష్టాదశ పురాణాలూ వినిపిస్తాయి. కోడలు ఉద్యోగం చేయడమేమిటి, ఇంట్లో ఏం తక్కువైంది, ఈవిడ గదిలో కూర్చుని పాఠాలు చెబితే నాకు మూడింటికి టీ ఎవరిస్తారు, ఇవన్నీ నాకు అందులో స్పష్టంగా వినిపించాయి. అప్పటినుంచి మంగళవారం దాకా ఆయన ఏం మాట్లాడినా నాకు అడ్డుపుల్లలాగే తోచింది.

మంగళవారం పొద్దున్నే తలంటుకుని, టిఫిన్లు ముగించి, హాల్లో కంప్యూటరు ముందు కూర్చున్నాను. అది కొట్టు లెక్కల కోసం కొన్నది. మా ఆయన కొట్టుకు కొత్తది కొన్నప్పుడు, మామగారి వెనకాలే అదీ పదవీ విరమణ చేసి ఇంటికి వచ్చింది. ఫోనులో పాఠం చెబితే కుదరదని బడివాళ్లు ముందే చెప్పారు. తెరమీద పెద్ద తెల్లబోర్డు కనబడాలి, దానిమీద అక్షరాలు రాసి చూపించాలి. వాళ్ల క్లాసు ప్రోగ్రామును రెండు రోజుల ముందే ఇందులో పెట్టి చూసుకున్నాను, బంగారంలా పనిచేసింది.

ఇప్పుడు తెరిస్తే, "ఇంటర్నెట్ కనెక్షన్ లేదు. సరిచూసుకుని మళ్లీ ప్రయత్నించండి," అంది.

సరిచూసుకున్నాను. కింద మూలన నెట్టు గుర్తు నిండుగా వెలుగుతోంది. గోడకున్న డబ్బాలో దీపాలన్నీ పచ్చగా ఉన్నాయి. బడివాళ్ల సైటును నేరుగా తెరుద్దామని చూస్తే ఎర్ర త్రికోణం ఒకటి ప్రత్యక్షమైంది. మీ కనెక్షన్ సురక్షితం కాదు, దొంగలు మీ పాస్‌వర్డులు, సందేశాలు, కార్డు వివరాలు కాజేయడానికి చూస్తుండవచ్చు అని దాని సారాంశం. ఒకటేమో నెట్టే లేదంటుంది. ఇంకొకటి నెట్టుంది కానీ నిండా దొంగలున్నారంటుంది. సరే చూద్దామని వాతావరణం పేజీ తెరిచాను. అది చక్కగా తెరుచుకుని, గోపాల్‌పూర్ దగ్గర సముద్రం పోటుగా ఉంటుంది, గాలి వీస్తుంది అని చెప్పింది. లేని నెట్టులోంచి గాలి కబురు ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు.

అత్తగారు బియ్యం చేట పట్టుకుని వచ్చి నా వెనకాల నిలబడ్డారు. "ఏటే అది, ఎర్రగా ఏదో రాసింది?"

"దొంగలున్నారంట అత్తమ్మా."

"ఎవులు? ఎక్కడ?"

"కనెక్షన్‌లో."

ఆవిడ చేట దించి, నేరుగా వెళ్లి పెరటి తలుపు గడియ పెట్టారు. మేడమీద తలుపుకు, వీధి గేటుకు తాళాలు వేశారు. బీరువా తాళాలు బొడ్లో దోపుకుని వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చున్నారు. నేను ఎంత చెప్పినా, "సెప్పినప్పుడు యినాల. ఊరికే ఎందుకు రాస్తాది?" అన్నారు. హెచ్చరికను అంత నిష్ఠగా పాటించిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

కొట్టుకు ఫోను చేశాను. మా ఆయన, "ఓసారి ఆపీసి మళ్లీ ఎయ్యి," అన్నారు. ఆయన దగ్గర ఉన్న వైద్యం అదొక్కటే. మిక్సీకీ అదే, లారీకీ అదే, నాకు కోపం వచ్చినప్పుడు నాకూ అదే. కంప్యూటరు ఆపి వేశాను, డబ్బా ఆపి వేశాను. దీపాలు ఆరిపోయి, ఒక్కొక్కటే వెలిగి, మళ్లీ పచ్చగా నవ్వాయి. ఎర్ర త్రికోణం కూడా అలాగే వచ్చి కూర్చుంది.

ఈ తతంగమంతా మామగారు వరండాలో పడక కుర్చీలోంచి చూస్తున్నారు. మామూలుగా ఆ వేళకు ఆయన పేపరులో తల దూర్చి ఉంటారు. ఆ రోజు పేపరు మడత కూడా విప్పలేదు. మధ్యమధ్యలో హాల్లోకి తొంగిచూసి, "మొదలైందా అమ్మా?" అని అడుగుతున్నారు. ఒకసారైతే చిన్నగా నవ్వి, "కంగారెట్టుకోకు. ఇయ్యాల నీ పనికి అడ్డు లేదు," అన్నారు. నా ఒళ్లు మండిపోయింది. అమాస అని చెప్పినా వినలేదు కదా, అనుభవించు అని అనడానికి అదొక మర్యాద పద్ధతి అనుకున్నాను. పళ్లు కొరుక్కుంటూ నెట్టు కనెక్షన్ ఆయనకు ఫోను చేశాను.

ఆయన ఒడియా ఆయన, నడివయసు మనిషి, నన్ను 'భావుజ' అంటారు, అంటే వదినా అని. మా వీధిలో నెట్టుకు ఏ రోగం వచ్చినా ఆయన చెప్పే కారణం గోపాల్‌పూర్ ఉప్పుగాలి. వర్షంలో పోయినా ఉప్పుగాలే, కోతి తీగ తెంపినా ఉప్పుగాలే. వచ్చి డబ్బా వెనక తీగలు పీకి, ఊది, మళ్లీ గుచ్చారు. తన ఫోనును మా నెట్టుకు కలిపి ఒక ఒడియా పాట పెట్టారు. అది గొంతెత్తి పాడింది.

"లైన్ ఠిక్ అఛి, భావుజ," అన్నారు. లైను బాగానే ఉందట.

"మరి ఇదేంటి?" అని ఎర్ర త్రికోణం చూపించాను.

ఆయన దాన్ని కాసేపు చూసి, కంప్యూటరు పెట్టె మీద చెయ్యి వేసి, "దీనికే ఉప్పుగాలి పట్టుంటాది," అని మా భాషలో తీర్పు చెప్పి, అత్తగారు ఇచ్చిన టీ తాగి వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు అత్తగారు వీధి గేటు తాళం తీసి ఆయన్ని పంపి, మళ్లీ వేసుకున్నారు.

గంట పదయింది. వైరస్సుల మందు తీసేశాను, ఇంకో బ్రౌజరు పెట్టాను, తీగ మార్చాను, పసుపు కుంకుమ పెట్టడం ఒక్కటే తక్కువ. కొన్ని సైట్లు హాయిగా తెరుచుకుంటున్నాయి, కొన్ని దొంగలు దొంగలు అని అరుస్తున్నాయి. బడివాళ్లది అరిచే జాతిలో పడింది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లకు ఒక్క తలుపు తెరుచుకోబోతుంటే ఈ డబ్బా అడ్డం పడుకుంది. ఆలస్యమైతే ఆ ముగ్గురూ లేచి వెళ్లిపోతారు, ఇంటి కనెక్షనే సరిగా లేని మనిషికి క్లాసెందుకిస్తాం అంటారు. వాళ్ల స్థానంలో నేనున్నా అదే అంటాను.

ఇక లాభం లేదు, పాఠాన్ని పెన్ డ్రైవ్‌లో వేసుకుని ఆటో ఎక్కి బజారులో నెట్టు షాపుకు పోదామనుకున్నాను. పొద్దున కూర్చోగానే 'ళ' పాఠంలో రెండు బొమ్మలు కలిపి భద్రపరిచాను. కొత్తవి పైన, పాతవి కింద ఉండేలా ఫైళ్లు పేర్చి ఉంటాయి నా దగ్గర. పైన వెతికితే లేదు. పాఠం కూడా దొంగలెత్తుకుపోయారా అని కిందికి, ఇంకా కిందికి వెళ్లాను. కనబడింది. దసరా ఫోటోల మధ్యన, అత్తగారు ఆయుధపూజకు మిక్సీకి బొట్టు పెడుతున్న ఫోటో పక్కన, నా పాఠం బుద్ధిగా కూర్చుని ఉంది.

పొద్దున రాసిన పాఠం దసరాకు ఎలా వెళ్లింది? తెర మూలన తేదీ చూశాను. అంతసేపూ టైము చూశాను కానీ దాని కింద తేదీ చూడలేదు. ఎవరు చూస్తారు? టైము సరిగానే ఉంది. తేదీ మాత్రం పోయిన విజయదశమి.

అప్పుడు వెలిగింది. ప్రతి సైటూ మన కంప్యూటరుకు ఒక గుర్తింపు కార్డు చూపిస్తుంది. ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు చెల్లుతుందని దానిమీద ఉంటుంది. బడివాళ్ల కార్డు మొన్నీమధ్య తీసుకున్నది. మా కంప్యూటరేమో దసరాలో కూర్చుని, ఇంకా పుట్టని తేదీ వేసుకొచ్చావు, నువ్వు దొంగవి అంటోంది. వాతావరణంవాళ్ల కార్డు దసరాకు ముందుదై ఉంటుంది, దాన్ని రానిచ్చింది. నెట్టుకు ఏ రోగమూ లేదు. క్లాసు ప్రోగ్రాముకు అసలు సంగతి చెప్పడం చేతకాక నెట్టు మీదికి నెట్టేసింది.

మరి తేదీ ఎవరు మార్చారు? మా ఆయన ముట్టుకోరు. అత్తగారు దానికి బొట్టు పెడతారు తప్ప మీట నొక్కరు. ఆ విద్య తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కరే. కొట్టులో లెక్కల ప్రోగ్రాము కంప్యూటరు తేదీనే బిల్లు మీద వేసేది. నిన్నటి బిల్లు మరిచిపోతే కంప్యూటరు తేదీని నిన్నకు జరిపి వేసేవారు మామగారు. కొత్త సంవత్సరం మొదటి బిల్లు చవితినాడు పడితే విదియకు జరిపేసేవారు. కంప్యూటరులో ఆయనకు వచ్చిందల్లా అదొక్కటే, అందులో ఆయన్ని మించినవాళ్లు బజారులో లేరు.

నేను వరండాలోకి ఎలా వెళ్లానో అత్తగారిని అడగాలి. చేటలో బియ్యం లేచాయని ఇప్పటికీ అంటారు. "మావయ్యా! కంప్యూటర్లో తేదీ మీరే మార్చారా?"

ఆయన తప్పు చేసినవాడిలా చూడలేదు. మెచ్చుకుంటానని ఎదురుచూస్తున్నవాడిలా చూశారు. "సూసేవా? ఇయ్యాల పొద్దున్న నువ్వు తలంటుకుంటన్నపుడు మార్చీనాను. దశమి అది."

"ఎందుకు మార్చారు?"

"ఎందుకేటమ్మా? సదువు సెప్పే పని. ఎప్పుడో సేజారిపోయిన పని మళ్లీ నీ సేతికొస్తంది. అమాస మంగళారం మొదలెడితే నిలుస్తాదేటి? ఆళ్లు రోజు మార్చరన్నావు. ఆళ్లు మార్చకపోతే మానె, మన కంప్యూటరు మనదే కదా అనుకున్నాను. విజయదశమికైతే ముహూర్తం సూడక్కర్నేదు. ఆ పెట్టె నెక్కన నువ్విప్పుడు దశమిలోనే కూకున్నావు."

నవ్వొచ్చింది, నవ్వు మధ్యలో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్ని రోజులూ ఈయన నాకు అడ్డు తగులుతున్నారనుకున్నాను. ఈయనేమో నా పని నిలవాలని, వెళ్లిపోయిన పండగను వెనక్కి పట్టుకొచ్చి నా ముందు పెట్టారు. మా నాన్న కూడా నా చదువు గురించి అంత ఆలోచించలేదు. ఆ క్షణాన ఆయన మీద నాకు ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. కానీ గంట పదిన్నర దాటింది, ప్రేమకు టైము లేదు.

"దశమిలో నెట్టు పనిచేయడం లేదు మావయ్యా."

"దశమినాడు సెయ్యనిది అమాస నాడు సేస్తాదేటి?"

ఈ గుర్తింపు కార్డుల గొడవను కొట్టు భాషలోకి మార్చాను. "మావయ్యా, ఒకడు దసరా రోజు మీ కొట్టుకొచ్చి, సంక్రాంతి తేదీ వేసిన బిల్లు చూపించి సరుకివ్వమంటే ఏమంటారు?"

"దొంగ బిల్లంటాను. గెంటించేస్తాను."

"మీ కంప్యూటరూ అదే అంటోంది. బడివాళ్లను గెంటేస్తోంది."

ఆయన పడక కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. వ్యాపారం తెలిసిన మనిషికి రెండోసారి చెప్పక్కరలేదు. "అయితే తప్పు దాంది కాదు," అన్నారు. మరుక్షణం కంగారుగా, "నువ్వుండు, నాను మారుస్తాను. నువ్వు తొందర్లో సంవత్సరం తప్పెడతావు," అంటూ హాల్లోకి నడిచారు. మౌసు పట్టుకుని, నాలుక కొసను పళ్లమధ్య నొక్కిపెట్టి, నెల జరిపారు, రోజు జరిపారు. అమావాస్య దగ్గర ఒక్క క్షణం ఆయన వేలు ఆగింది. నొక్కేశారు.

ఎర్ర త్రికోణం మాయమైంది. బడివాళ్ల తెల్లబోర్డు పొద్దుటి ఆకాశంలా పరుచుకుంది. "ఎల్లిపోనారా?" అని అత్తగారు అడిగారు. "వెళ్లిపోయారు అత్తమ్మా" అన్నాక పెరటి తలుపు గడియ తీశారు.

పదకొండుకు ఆ ముగ్గురూ వచ్చారు. వాళ్లలో ఒకావిడ అల్లరి పిల్లలా నటిస్తూ, "టీచర్, 'ల' ఉండగా మళ్లీ ఇదెందుకు?" అని అడిగింది. నేను నాలుక వెనక్కి మడిచి పలికి చూపించి, "మీరూ అనండి" అన్నాను. తెరమీద ముగ్గురూ అన్నారు. తలుపు పరదా వెనకనుంచి ఇంకో రెండు గొంతులు అన్నాయి. ఆవిడ నవ్వాపుకుంటూ, "మీ క్లాసులో ఇంకా ఎవరో ఉన్నట్టున్నారే" అంది. "ముందునుంచీ ఉన్నవాళ్లేనండీ" అన్నాను. పాఠం ఎలా సాగిందో నాకు సరిగ్గా గుర్తులేదు. ఎన్నో ఏళ్లుగా చెబుతున్నదానిలా చెప్పానని ఆవిడే అంది.

తర్వాత వాళ్లు ముగ్గురూ గుసగుసలాడుకుని, అసలు సంగతి చెప్పారు. ఒక టీచరు ఉన్నట్టుండి మానేశారట. ఆ పిల్లలకు రేపు సాయంత్రం నుంచే క్లాసు మొదలవ్వాలట. "రేపు మొదలుపెట్టగలిగితే మీరే తీసుకోండి. కుదరదంటే లైనులో ఇంకొకరున్నారు, వాళ్లను అడుగుతాం. ఇప్పుడే చెప్పాలి."

మైకు ఆపి, వెనక్కి తిరిగాను. పరదా పక్కన మామగారు నిలబడి ఉన్నారు. అంతా విన్నారు.

అమావాస్య మర్నాడు పాడ్యమి. పాడ్యమినాడు మొదలెట్టిన చదువు క్షీణిస్తుందని మా ఇంట్లో ఆ రోజు ఎవరూ పుస్తకం ముట్టరు. పరీక్షలున్నా సరే, మా పిల్లలిద్దరి సంచులూ ఆయన అటకమీద పెట్టించేవారు.

"రేపంటున్నారు మావయ్యా," అన్నాను.

"రేపు పా..." అని అత్తగారు మొదలుపెట్టారు.

"నువ్వూరుకో," అన్నారాయన. తన గదివైపు, పంజి వేలాడే గోడవైపు ఒకసారి చూశారు. వెళ్లలేదు. నా దగ్గరకు వచ్చి, కుర్చీ వెనక చెయ్యి ఆనించారు.

"రేపు బాగుందమ్మా. ఏటీ సూడక్కర్నేదు, ఒప్పీసుకో."